పాత బండికి పదునున్న నేల

మా నాన్న వంగి పిడికెడు మట్టి తీసుకున్నాడు. గట్టిగా నొక్కి పిడికిలి విప్పాడు. ముద్ద అలాగే నిలబడింది. బొటనవేలితో తాకగానే పొడిపొడిగా రాలిపోయింది.

"పదునుంది రా," అన్నాడు.

పక్కనే ఉన్న పాలరైతు అంతకు రెండు నిమిషాల ముందు సరిగ్గా అదే పని చేశాడు. వంగడం, పిడికిలి, బొటనవేలు, అన్నీ అవే. ఆయనకి తెలుగు రాదు, నాన్నకి ఇంగ్లీష్ అంతంతమాత్రం. ఇద్దరూ ఒకరి చేతిలోని మట్టి ఒకరు చూసుకుని తలూపుకున్నారు. అనువాదం చెయ్యడానికి నిలబడ్డ నాకు పనేమీ లేకపోయింది.

ఇది ఒహాయోలో, మేముండే కొలంబస్ నుంచి గంటన్నర దూరంలో ఉన్న ఒక పొలంలో. ఆ రైతుకి గడ్డి కోసేసిన బీడు, రెండు చిన్న కొండవాలులు, మధ్యలో ఒక వాగు ఉన్నాయి. వచ్చే శనివారం అక్కడికి యాభై, అరవై ఏళ్ళ నాటి మోటోక్రాస్ బళ్ళు వస్తున్నాయి. వాటిని నడిపేవాళ్ళలో చాలామందికి ఆ బళ్ళ కంటే వయసెక్కువ. వాళ్ళ కోసం మట్టి బాట సిద్ధం చెయ్యాలి. రాళ్ళు ఏరడానికీ గూటాలు పాతడానికీ మనుషులు కావాలంటే మేమిద్దరం వెళ్ళాం.

బాట సిద్ధం చెయ్యడమంటే ఏదో కట్టడం అనుకున్నా. వెళ్ళి చూస్తే ఆ రైతు లోడర్ వేసుకుని తన వాలు మీదున్న పెద్ద జంప్‌ని చదును చేస్తున్నాడు. నాలుగేళ్ళ కింద కొత్త బళ్ళ కుర్రాళ్ళ కోసం ఆయనే డబ్బు పెట్టి పోయించిన మట్టి అది. రేసుకి జనాన్ని రప్పించాలంటే ఉన్న జంప్ తీసెయ్యడమేంటి? ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే వందేళ్ళ కథ దొరికింది.

*

1924 మార్చి 29. ఇంగ్లండ్‌లో సర్రే జిల్లా, కాంబర్లీ. అప్పటికి స్కాట్ ట్రయల్ అని ఒక పోటీ ఉండేది. దాంట్లో వేగంతో పాటు కష్టమైన చోట్ల ఎంత నేర్పుగా నడిపారో చూసి మార్కులు వేసేవాళ్ళు. దక్షిణాది క్లబ్బు వాళ్ళు ఆ మార్కులు తీసేసి, ఎవరు ముందొస్తే వాళ్ళే గెలిచినట్టు అన్నారు. పోటీ పేరు సదరన్ స్కాట్ స్క్రాంబుల్. బయల్దేరింది ఎనభై మంది, చివరిదాకా వచ్చింది సగం మంది. గెలిచింది ఆర్థర్ స్పార్క్స్. మోటోక్రాస్ చరిత్ర రాసేవాళ్ళు మామూలుగా ఇక్కడే మొదలుపెడతారు.

ఆ రోజు కాంబర్లీలో ట్రాక్ అనేది లేదు. ఉన్నది పొదలు, బురద, గుట్టలు. నేల ఎలా ఉందో అలాగే ఉంది. నిర్వాహకులు చేసిందల్లా ఇటు వెళ్ళాలి అని చూపించడమే. తర్వాత ఫ్రాన్స్ వాళ్ళు మోటోసైకిలెట్‌నీ క్రాస్‌కంట్రీనీ కలిపి మోటోక్రాస్ అని పేరు పెట్టారు. 1947లో దేశాల మధ్య జట్ల పోటీ వచ్చింది. 1952లో యూరప్ చాంపియన్‌షిప్ వచ్చి, 1957కి అది ప్రపంచ చాంపియన్‌షిప్ అయింది. అప్పటికీ నేల మాత్రం పెద్దగా మారలేదు. ఎవరిదో పశువుల బీడో, ఇసుక కొండో ఆదివారం అద్దెకి తీసుకోవడం, తాడు కట్టడం, రేసు అయ్యాక తాడు చుట్టుకుని వెళ్ళిపోవడం. సోమవారం గొర్రెలు తిరిగొచ్చేవి.

ఆ నేల మీద మొదట గెలిచినవి బీఎస్‌ఏ లాంటి బరువైన ఇంగ్లీషు ఫోర్‌స్ట్రోక్‌లు. 1964, 65ల్లో 500 సీసీ ప్రపంచ చాంపియన్ జెఫ్ స్మిత్ బీఎస్‌ఏ మీదే గెలిచాడు. ఈలోగా తేలికపాటి టూస్ట్రోక్‌లు వచ్చాయి. స్వీడన్ నుంచి హస్క్‌వార్నా. చెకోస్లొవేకియా నుంచి సీజెడ్.

ఈ సీజెడ్ దగ్గరే మా నాన్న కథలోకి వచ్చాడు.

*

మిడ్-ఒహాయో రేస్ ట్రాక్‌లో ఏటా జులైలో అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ వాళ్ళు పాత బళ్ళ పండగ చేస్తారు. రేసులతో పాటు పెద్ద సంత కూడా ఉంటుంది. తుప్పు పట్టిన ట్యాంకులు, పెట్టెల నిండా కార్బురేటర్లు, చక్రాలు. నాన్న కొలంబస్ వచ్చి నెల దాటింది, బాగా విసుగెత్తిపోయి ఉన్నాడు. ఏదో ఒకటని తీసుకెళ్ళా. ఎండలో గంటసేపు నడిచాక ఒక ఎర్ర బండి దగ్గర ఆగిపోయాడు.

"కిక్కూ గేరూ ఒకటే రాడ్డు," అన్నాడు.

మా యెజ్డీకీ అంతే. ఎడమపక్క ఒకే రాడ్డు. పైకి లేపి తంతే కిక్కు, కిందకి తిప్పితే గేరు. ఆ సంతలో ఉన్నది 1960ల నాటి సీజెడ్. ఒకటే సిలిండర్, రెండు సైలెన్సర్లు. అదీ యెజ్డీ లెక్కే. పోలిక ఊరికే రాలేదు. జావా కంపెనీ ప్రాగ్‌ది, సీజెడ్ స్ట్రకొనిట్సె ఊళ్ళోని ఆయుధాల ఫ్యాక్టరీది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చెకోస్లొవేకియా ప్రభుత్వం రెంటినీ జాతీయం చేసింది, బయటి దేశాల్లో రెంటినీ కలిపే అమ్మింది. 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు చేసిన బళ్ళు ఆ ఇంటివే. 1973లో వాటి పేరు యెజ్డీగా మారింది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. మా అద్దంకి పక్క నల్లరేగడి డొంకల్లో నాన్న ఎరువుల బస్తాలేసుకు తిరిగిన బండీ, 1964లో ఇరవయ్యేళ్ళ బెల్జియం కుర్రాడు జోయెల్ రొబేర్‌ని 250 సీసీ ప్రపంచ చాంపియన్ చేసిన బండీ దాయాదులన్నమాట.

ఆ సీజెడ్ యజమాని నాన్నని కిక్కు కొట్టమన్నాడు. రెండో తన్నుకి స్టార్టయింది. పొగ, ఆ డుబ్‌డుబ్ చప్పుడు. ఆయనే మమ్మల్ని ఈ పాలరైతు దగ్గరికి పంపింది.

*

ఇప్పుడు ఆ జంప్ సంగతి.

రొబేర్ కాలంలో మోటోక్రాస్ బండి వెనక చక్రం పైకీ కిందకీ ఆడేది దాదాపు 4 అంగుళాలు. అంతే. గుంటలో పడితే ఆ 4 అంగుళాలు అయిపోయాక మిగతా దెబ్బంతా మోకాళ్ళకీ నడుముకీ. అందుకే అప్పటి రైడర్లు నిలబడి నడిపేవాళ్ళు, గతుకుని ముందే చూసి దారి ఎంచుకునేవాళ్ళు. నేలని చదవడమే ఆట.

1966లో ఎడిసన్ డై అనే హస్క్‌వార్నా దిగుమతిదారు బళ్ళు అమ్ముకోడానికి ప్రపంచ చాంపియన్ టోర్‌స్టెన్ హాల్‌మన్‌ని అమెరికా పిలిపించాడు. హాల్‌మన్ ముందు అమెరికన్లు తేలిపోయారు. ఆ ఓటమే వాళ్ళకి పిచ్చి పట్టించింది. 1971లో 'ఆన్ ఎనీ సండే' డాక్యుమెంటరీ వచ్చాక ఆ పిచ్చి ఊరూరా పాకింది. దక్షిణ కాలిఫోర్నియాలో సాడిల్‌బ్యాక్, కార్ల్స్‌బాడ్, ఇండియన్ డ్యూన్స్ లాంటి చోట్ల వారం వారం రేసులు. అక్కడ యూరప్ పచ్చిక లేదు. రాయిలా గట్టిపడ్డ ఎర్రమట్టి, దుమ్ము.

తర్వాత రెండేళ్ళలో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, 1972 జులై 8న లాస్ ఏంజెలిస్ కొలీజియంలో మైక్ గుడ్‌విన్ అనే ప్రమోటర్ స్టేడియం లోపల రేసు పెట్టాడు. లారీలతో మట్టి తెచ్చి పోయించి గుట్టలు కట్టించాడు. పదహారేళ్ళ మార్టీ ట్రైప్స్ గెలిచాడు. జనం కుర్చీల్లో కూచుని రేసంతా చూశారు. కుర్చీల్లో కూచున్నవాళ్ళకి గాల్లో ఎగరడం కనపడాలి. అందుకని తర్వాతి సంవత్సరాల్లో గుట్టలు పెరుగుతూ వచ్చాయి.

రెండోది, బెల్జియంకి చెందిన లూసియెన్ టిల్కెన్స్ ఆలోచన. వెనక రెండు షాకబ్జర్ల బదులు ట్యాంకు కింద పొడుగ్గా ఒకటే పెట్టడం. యమహా దాన్ని తీసుకుంది. 1973లో హోకన్ ఆండర్సన్ దాంతోనే 250 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. మిగతావాళ్ళు గాభరాపడ్డారు. సొంత గ్యారేజీల్లోనే షాకబ్జర్లు కోసి ముందుకి జరిపి అతికించి, అంగుళం కోసం కుస్తీపట్టారు. పదేళ్ళు తిరక్కుండానే 4 అంగుళాలు 12 అయ్యాయి.

12 అంగుళాల బండికి బీడు పొలం బోరు కొడుతుంది. అది గతుకుల మీద తేలిపోతుంది. దానికి తగ్గ కష్టం కావాలంటే కట్టాలి. అలా స్టేడియం గుట్టలు బయటి ట్రాకులకీ పాకాయి. డబుల్ జంప్ అంటే రెండు గుట్టలు, మధ్యలో గొయ్యి. ఒకదాని మీంచి ఎగిరి రెండోదాని అవతలి వాలు మీద దిగాలి. తక్కువ ఎగిరితే రెండో గుట్ట ముఖానికి ముందు చక్రం కొట్టుకుంటుంది. మొదట్లో నేలని బట్టి బండి తయారైంది. ఇప్పుడు బండిని బట్టి నేల తయారవడం మొదలైంది.

ఈ మార్పులో 1974 నాటి బండికి ఒక్క ఏడాదిలో వయసైపోయింది. చెడిపోయి కాదు, అది తిరగడానికి నేల లేక.

*

పారేసిన ఆ బళ్ళని కొందరు దాచుకున్నారు. 1980ల రెండో సగంలో అమెరికాలో పాత రేసు బళ్ళ కోసం ఒక సంఘం పుట్టింది. పొడి అక్షరాల్లో ఆర్మా అంటారు. వింటేజ్ మోటోక్రాస్ అంటే ఏమిటో వాళ్ళు అంగుళాల్లో రాసుకున్నారు. 1974 దాకా వచ్చిన నమూనాలు, ముందు చక్రం ఆడేది 7 అంగుళాలకి మించకూడదు, వెనకది 4. కొన్నేళ్ళ పాటు ఆ సంఘాన్ని నడిపింది ఎవరో కాదు, బీఎస్‌ఏ చాంపియన్ జెఫ్ స్మిత్. కుర్రతనంలో పచ్చిక మీద గెలిచినవాడే, పెద్దయ్యాక ఆ పచ్చికకి కాపలా కాశాడు.

నియమాలు కాగితం మీద రాసుకోవచ్చు, నేలని అలా రాసుకోలేం. సాడిల్‌బ్యాక్ 1984లో మూతపడింది. పదమూడేళ్ళకి పైగా అమెరికా గ్రాండ్ ప్రి జరిగిన కార్ల్స్‌బాడ్‌ని 2004లో మూసేశారు. ఇప్పుడక్కడ ఆఫీసు భవనాలు. మిగిలిన ట్రాకులు చాలావరకు కొత్త బళ్ళవి. అందుకే పాత బళ్ళవాళ్ళని రప్పించాలంటే ఎవరో ఒక రైతు తన బీడుని ముందుకి కాకుండా వెనక్కి తియ్యాలి.

ఎలాగో ఆ మూడు రోజుల్లో చూశాను.

మొదట ట్రాక్టర్‌తో కాదు, కాళ్ళతో మొదలు. ఆ రైతూ, సీజెడ్ ఆయనా వాలంతా నడిచారు. నీళ్ళు ఎటు పారతాయో, వర్షం తర్వాత ఎక్కడ నిలుస్తాయో చూసి దారి గీశారు. వాలుకి అడ్డంగా పోయే మలుపుల్ని ఏరి మరీ పెట్టుకున్నారు. అక్కడ బండి కిందకి జారిపోతుంటుంది, పట్టుకోవడం రైడర్ ప్రతిభ. అక్కడ పడితే మనిషి గడ్డి మీద దొర్లుతాడు. జంప్ దగ్గర పడితే అలా కాదు. కష్టం ఉండాలి, ఎముకలు విరగకూడదు. సూత్రం అదే.

గడ్డి కోశారు కానీ మొదలంటా చెక్కలేదు. వేళ్ళు ఉంటేనే మట్టి కదలకుండా ఉంటుంది. కొత్త ట్రాకుల్లో లోతుగా రిప్పర్ తోలి బాగా నీళ్ళు పెడతారు. బళ్ళు తిరిగేసరికి మోకాలెత్తు గాళ్ళు పడతాయి. కొత్త బండికి అవి రైలు పట్టాల్లాంటివి. పాత బండి నేలకి దగ్గరగా ఉంటుంది, గాడి లోతైతే ఫుట్‌రెస్టులూ ఆ కిక్కు రాడ్డూ తగులుకుంటాయి. అందుకని ఇక్కడ పైపైన డిస్క్ తోలి, దాని మీద బరువైన ఇనప చట్రం ఈడ్చారు. మనవాళ్ళు గుంటక తోలినట్టే. నాన్న ట్రాక్టర్ వెనకే నడుస్తూ పైకి లేచిన రాళ్ళు ఏరాడు. నాలుగు ట్రక్కులు నిండాయి.

నీళ్ళు ముందురోజు రాత్రే. రేసు పొద్దున పెడితే బంకమట్టి పైన జారుడు, కింద పొడి. రాత్రంతా ఇంకితే పొద్దుటికి పిడికిట్లో ముద్దయ్యే స్థితికి వస్తుంది. ఈ స్థితికి అమెరికా రైడర్ల దగ్గర ముద్దుపేర్లు చాలా ఉన్నాయి. తెలుగులో ఒక్క మాట చాలు. అదును పదును చూసి విత్తమంటారు కదా. కత్తికి ఉండే పదునూ నేలకి ఉండే పదునూ ఒకటే మాటెందుకైందో నాకు అక్కడే అర్థమైంది. రెండూ సిద్ధంగా ఉండటమే.

వాగు దాటే చోటు గురించి కాసేపు చర్చ. దాటితే చూడ్డానికి బావుంటుంది. కానీ ఆ బళ్ళకి డ్రమ్ము బ్రేకులు. లోపలికి నీళ్ళుపోతే పట్టవు. ఇది అనువదించి చెబితే నాన్న నవ్వాడు. గుండ్లకమ్మ దాటాక బ్రేకు నొక్కిపెట్టి ఫర్లాంగు నడిపితే గాని ఆరేది కాదట. దారి వాగు ఇవతలే తిప్పేశారు.

ఇనప స్తంభాలు పీకి సన్నటి చెక్క గూటాలు పాతాం. తగిలితే అవే విరగాలి. చెట్ల మొదళ్ళకి గడ్డి మోపులు కట్టాం. స్టార్టింగ్ దగ్గర పాత పద్ధతిలోనే రబ్బరు పట్టీ లాగి కట్టారు. పిన్ను తీస్తే టప్పున పక్కకి పోతుంది, నలభై బళ్ళు ఒక్కసారి లేస్తాయి.

*

రెండో రోజు మధ్యాహ్నం గొడవొచ్చింది. జంప్ సగం తీశాక రైతు మనవడు స్కూల్ నుంచి వచ్చాడు. తాతని అడ్డుకున్నాడు. వాడి వాదనా తప్పు కాదు. ప్రతి శనివారం కొత్త బళ్ళ పిల్లలు డబ్బు కట్టి వచ్చేది ఆ జంప్ కోసమే. ఏడాదికి ఒకసారి వచ్చే ముసలాళ్ళ కోసం అది తీసేస్తే మిగతా యాభై ఒక్క వారాల సంగతేంటి? పాల మీద ఏం మిగుల్తోందని? పైగా, పెద్దాళ్ళకి భయమైతే నెమ్మదిగా దొర్లించుకు పోతారు, ఎవరు ఎగరమన్నారు, అన్నాడు.

నాన్న నన్ను పిలిచి అదేంటని అడిగాడు. చెప్పాను. ఆ గుట్ట దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చీకట్లో అయితే కనపడదు అన్నాడు. తర్వాత ప్యాంటు కాలు పైకి లాగాడు.

ఆ మచ్చ నాకు తెలుసు, కథ తెలుసనుకున్నా. వర్షంలో జారిపడ్డాడని ఇంట్లో చెప్పేవాళ్ళు. అది కాదట. 1986లో ఎవరో తన పొలానికి చెరువుమట్టి తోలుకుంటూ డొంకకి అడ్డంగా దిబ్బ వదిలేశాడు. రాత్రి ఎనిమిదింటికి యెజ్డీ మీద వస్తూ నాన్న అది ఎక్కాడు. బండి గాల్లోకి లేచింది. దిగేటప్పుడు షాకబ్జర్లు ఒక్కసారే అడుగంటాయి, హేండిల్ చేతిలోంచి పోయింది. కాలు రెండు చోట్ల విరిగింది. మూడు నెలలు మంచం. ఆ ఏడు మిరప వెయ్యలేదు. మట్టి వదిలింది మా బంధువే కాబట్టి వర్షం అని చెప్పుకున్నారట.

"నెమ్మదిగా పోతే ఏం కాదంటున్నాడుగా ఆ పిల్లాడు. నేను నెమ్మదిగానే వస్తున్నా. అది ఉంటే ఎక్కుతాం రా. పక్కనోడు ఎక్కితే మనమూ ఎక్కుతాం. ఆ మాట చెప్పు."

చెప్పాను. పిల్లాడు మచ్చ వంక చూశాడు, ఏం మాట్లాడలేదు. సీజెడ్ ఆయన తన భుజం మీద ఆపరేషన్ గీత చూపించాడు. చివరికి ఒక దారి దొరికింది. రెండు గుట్టల మధ్య గొయ్యిని ఆ మట్టితోనే పూడ్చి పొడుగాటి మూపురంలా చేశారు. పాత బళ్ళు దాని మీంచి దొర్లుకుంటూ పోతాయి, వేగమున్నవాడు కాస్త గాల్లో తేలతాడు. తక్కువైనా పడే గొయ్యి లేదు. పిల్లల కోసం పక్కన వేరే దారిలో కొత్త జంప్. మట్టి రైతుది, లోడర్ పని మనవడిది. మనవడు ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు.

*

శనివారం అంబులెన్స్ వచ్చి నిలబడేదాకా ఒక్క ఇంజనూ ముట్టనివ్వలేదు. ముందు ఇద్దరు పెద్దవాళ్ళని నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి రమ్మన్నారు. వాళ్ళు చెప్పిన రెండు రాళ్ళు తీశారు, ఒక మలుపు వెడల్పు చేశారు. తర్వాత బండి ఏడాదిని బట్టీ, మనిషి వయసుని బట్టీ వరసగా రేసులు. ఆముదం కలిసిన టూస్ట్రోక్ పొగ వాసనకి నాన్న ముక్కు ఎగబీల్చాడు. సీజెడ్ ఆయన తన వరసలో ఆరోవాడుగా వచ్చాడు. ఆ రెండు రోజుల్లో పడ్డవాళ్ళున్నారు. అందరూ లేచారు.

వచ్చే దారిలో కారులో నాన్న మా పొలం ఊసెత్తాడు. హైవే పక్కనని మూడేళ్ళ కింద వెంచర్‌కి ఇచ్చేశాం. సరిహద్దు రాళ్ళు పాతి, మధ్యలో తారు రోడ్లు వేసి వదిలేశారు. ఇల్లు ఒక్కటీ లేవలేదు. ఆ డొంక కూడా అందులోనే కలిసిపోయింది. అమ్మేటప్పుడు నేనే తొందరపెట్టాను. కార్ల్స్‌బాడ్ గురించి జాలిగా రాసుకుంటున్నా గానీ, ఆ మాట కూడా ఇక్కడ రాయాలి. "ఆ మట్టి పదును పట్టుకుంటే పది రోజులు పోయేది కాదు," అన్నాడు. ఇంకేం అనలేదు. నేనూ అనలేదు.

కానీ అది తర్వాత. ఆదివారం సాయంత్రం ట్రక్కులన్నీ వెళ్ళిపోయాక, మిగిలిన నలుగురం రిబ్బన్లు చుట్టి గూటాలు పీకాం. వచ్చే వానకి ఆ బీడులో మళ్ళీ గడ్డి విత్తుతారు. నాన్న గూటాలు పదేసి చొప్పున కట్టలు కట్టి లెక్క చూశాడు. రెండు తక్కువొచ్చాయి. విరిగుంటాయి పదమంటే వినలేదు. ట్రాక్టర్ బ్లేడుకి తగుల్తాయని, చీకటి పడుతున్నా టార్చి తీసుకుని వాలు మీదకి వెళ్ళాడు. రైతు మనవడు కూడా వెనకాలే వెళ్ళాడు.